బేస్‌మెంటు గచ్చు కోసి తీసే ఊటనీటి కాలువ

ఇంటి అడుగున భూమిలోకి దిగి ఉండే బేస్‌మెంటులో గచ్చు అంచుల వెంట నీరు ఊరుతున్నప్పుడు, గోడ పొడవునా కాంక్రీటును పట్టీలా కోసి తీసేస్తారు. కింది మట్టి తవ్వి, కంకర నడుమ చిల్లుల గొట్టం పరిచి, ఊరిన నీటిని ఒక మూల గుంటలోకి మళ్లిస్తారు. గుంటలోని మోటారు దాన్ని ఇంటి బయటికి తోడేస్తుంది. పైన మళ్లీ కాంక్రీటు పోస్తారు కాబట్టి పని ముగిశాక కంటికి కనిపించేది గోడ వారన రంగు కాస్త తేడాగా ఉన్న పట్టీ, మూత వేసిన గుంట మాత్రమే. అమెరికా, కెనడాలలో చెమ్మ పట్టిన పాత ఇళ్లకు విరివిగా చేసే మరమ్మతు ఇది.

ఈ కాలువ ఇంటి కిందికి నీరు రాకుండా ఆపదు. గోడ అవతల నేల ఎప్పటిలాగే తడిసి ఉంటుంది. గచ్చు కింద నిలిచే నీటి మట్టాన్ని కాంక్రీటు అడుగుకు ఎగబాకనివ్వకుండా దించి ఉంచడమే దీని పని. దీన్ని తెలుసుకోకుండా పని మొదలుపెట్టించిన వాళ్లు చాలామంది అక్కరలేని చోట గచ్చు తవ్విస్తారు, లేదా తవ్వాల్సిన దానికంటే లోతుకు పోయి పునాదినే దెబ్బతీస్తారు.

బేస్‌మెంటు ఎక్కడ, ఎందుకు

చలిదేశాల్లో శీతాకాలం వస్తే నేలలోని తేమ గడ్డకట్టి ఉబ్బుతుంది. పునాది అలా గడ్డకట్టే లోతుకు పైనే ఉంటే చలికాలంలో లేచి, మంచు కరిగాక కుంగి, గోడలు బీటలు వారతాయి. అందువల్ల పునాది అడుగు మంచు దిగే లోతు కంటే కిందికి వెళ్లాలని అక్కడి నిర్మాణ నిబంధనలు చెబుతాయి. షికాగోలో ఆ లోతు 42 అంగుళాలు, మిన్నెసోటా ఉత్తర భాగంలో 60 అంగుళాలు. ఎలాగూ అంత తవ్వాలి కనుక ఇంకో నాలుగైదు అడుగులు దిగితే ఒక అంతస్తు కలిసి వస్తుంది. డాలస్ చుట్టుపక్కల మంచు లోతుకు దిగదు, పైగా మన నల్లరేగడి జాతికి చెందిన ఉబ్బే మట్టి ఉంటుంది. అందుకే అక్కడి ఇళ్లు నేల మీద పోసిన స్లాబు మీదే లేస్తాయి, బేస్‌మెంట్లు అరుదు.

అమెరికాలో ఎడిసన్, నేపర్‌విల్, నోవై, కొలంబస్ లాంటి చోట్ల ఇల్లు కొన్న తెలుగు కుటుంబాలకు బేస్‌మెంటు అంటే సామాన్ల గది కాదు. పిల్లల ఆటలు, సినిమా తెర, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల పడక, పండగలకు నలుగురూ చేరే హాలు అన్నీ అక్కడే. కార్పెట్ పరిచి, గోడలకు జిప్సమ్ బోర్డు కొట్టించాక ఏ వసంతకాలపు వానకో గోడ వారన తడి కనిపిస్తే ఖర్చు గచ్చుతో ఆగదు. కాలువ వేయాలంటే బోర్డు కింది భాగమంతా ఊడదీయాల్సిందే. అందువల్ల చెమ్మ సంగతి తేల్చుకోకుండా బేస్‌మెంటును ముస్తాబు చేయించకూడదు.

నీరు వచ్చే దారి

ఇల్లు కట్టే వరుసలోనే ఊటకు దారి ఏర్పడుతుంది. మొదట గోడ కన్నా వెడల్పుగా కాంక్రీటు ఫుటింగ్ పోస్తారు. దాని మీద గోడ లేపుతారు. గచ్చు కాంక్రీటు ఆఖరున పడుతుంది. మూడు వేర్వేరు రోజుల్లో పోసినవి కాబట్టి వాటి మధ్య అతుకులు ఉంటాయి, ఆ మూడు భాగాలూ ఒకదానికొకటి పూర్తిగా కరుచుకోవు. ఆరే కొద్దీ గచ్చు కుంచించుకుపోయి గోడకూ దానికీ నడుమ వెంట్రుకంత సందు విడుతుంది. ఊటనీరు తొంగిచూసేది ఎక్కువగా ఆ సందులోంచే. కాలువను గోడ వారనే కోయడానికి కారణం కూడా ఇదే.

ఇళ్ల గచ్చు మందం సాధారణంగా 9 నుంచి 10 సెంటీమీటర్లు. పది సెంటీమీటర్ల కాంక్రీటు చదరపు మీటరుకు సుమారు 240 కిలోల బరువు తూగుతుంది. నీటి మట్టం గచ్చు అడుగు కన్నా 24 సెంటీమీటర్లు పైకి వచ్చిందంటే కింది నుంచి తన్నే ఒత్తిడి సరిగ్గా ఆ బరువుతో సమానమవుతుంది. మూరెడు కూడా లేని నీరు గచ్చునంతటినీ లేపగలదన్న మాట. నిజానికి అంతవరకూ రాకముందే నీరు అతుకులోంచో బీటలోంచో లోపలికి చిమ్మి ఒత్తిడి తగ్గించుకుంటుంది. ఈ లెక్క తెలిసిన వారు నీరు వచ్చే సందులన్నీ సిమెంటుతో, రసాయనాలతో మూసేసి ఊరుకోరు. ఒక దారి మూస్తే ఒత్తిడి పెరిగి ఇంకో చోట పగులు తెరుచుకుంటుంది.

ఇంటి చుట్టూ ఉన్న మట్టి వల్ల మరో చిక్కు వస్తుంది. బేస్‌మెంటు కోసం తవ్విన గొయ్యి గోడల కన్నా వెడల్పుగా ఉంటుంది. గోడలు లేచాక ఆ ఖాళీని తవ్విన మట్టితోనే వదులుగా పూడుస్తారు. అవతల ఎప్పుడూ కదలని గట్టి బంకమన్ను, ఇవతల గుల్ల మట్టి ఉండటంతో గోడ చుట్టూ ఒక తొట్టి తయారైనట్లు అవుతుంది. పైకప్పు నుంచి జారిన వాన అందులో నిలుస్తుంది. పూడ్చిన మట్టి ఏళ్ల తరబడి కుంగి నేల వాటం ఇంటి వైపు తిరిగితే పెరట్లో పడ్డ నీరు కూడా అక్కడికే చేరుతుంది.

మట్టిలో నీరు ఎంత వేగంగా కదులుతుందో లెక్కగట్టే సూత్రాన్ని ఫ్రెంచ్ ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లో ప్రకటించాడు. దిజాన్ నగరానికి నీటి సరఫరా ఏర్పాటు చేసిన అనుభవంతో ఇసుక గొట్టాల్లో ప్రయోగాలు చేసి అతను తేల్చినది ఇప్పటికీ ఈ పనికి ఆధారం. కంకరలోంచి నీరు పారే వేగానికీ బంకమన్నులోంచి పారే వేగానికీ తేడా లక్షల రెట్లలో ఉంటుంది. గచ్చు కింద కంకర పొర ఉన్న ఇంట్లో గోడ వారన తీసిన కాలువ గది నడిమధ్య నీటిని కూడా లాగగలదు. పాత ఇళ్లలో కాంక్రీటును నేరుగా బంకమన్ను మీద పోశారు. అక్కడ చుట్టూ కాలువ ఉన్నా నడుమ ఊట ఆగకపోవచ్చు. అప్పుడు గదికి అడ్డంగా మరో పాయ కోయాల్సి వస్తుంది.

పొలం నుంచి ఇంటి కిందికి

భూమిలో దాచిన కాలువలతో నీటిని తీసేయడం అమెరికాలో మొదట రైతుల పని. స్కాట్లండ్ నుంచి వలస వచ్చిన జాన్ జాన్‌స్టన్ 1838లో న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా దగ్గర తన పొలంలో కాల్చిన మట్టి గొట్టాలు పాతించి గోధుమ దిగుబడి పెంచుకున్నాడు. మసాచుసెట్స్‌కు చెందిన న్యాయవాది హెన్రీ ఫ్లాగ్ ఫ్రెంచ్ 1859లో పొలాల నీటి పారుదల మీద పుస్తకం రాశాడు. కంకర నింపిన కాలువకు ఆయన పేరే ఫ్రెంచ్ డ్రెయిన్‌గా స్థిరపడింది. 

తర్వాత ఇళ్ల పునాదుల బయటి వైపు కూడా ఫుటింగ్ పక్కన అడుగు పొడవుండే మట్టి గొట్టాలను వరుసగా పేర్చడం మొదలైంది. వాటి అతుకుల్లోంచే నీరు లోపలికి దిగాలి. కాలం గడిచే కొద్దీ అవే అతుకుల్లోంచి ఒండ్రు కూడా దిగి, చెట్ల వేళ్లు దూరి గొట్టాలు పూడిపోయాయి. 1960ల చివర్లో ముడతల ప్లాస్టిక్ గొట్టం వచ్చింది. పూడిన బయటి గొట్టాన్ని మార్చాలంటే ఇంటి చుట్టూ ఏడెనిమిది అడుగుల లోతు తవ్వాలి, తోట, మెట్లు, వాకిలి అన్నీ పోతాయి. లోపలి నుంచి గచ్చు కోసి కొత్త కాలువ వేసే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది ఈ ఇబ్బంది తప్పించుకోవడానికే.

కోతకు ముందు తేల్చుకోవలసినవి

తడి ఎప్పుడు కనిపిస్తుందో తారీఖులు వేసి రాసుకుంటే కారణం చాలావరకు దొరుకుతుంది. వాన మొదలైన గంటా రెండు గంటల్లో తడిస్తే అది పైకప్పు నీరో, నేల వాటం లోపమో. వాన వెలిసి కొన్ని రోజులయ్యాక, లేదా మంచు కరిగే మార్చి, ఏప్రిల్ నెలల్లో నెమ్మదిగా తేలితే భూగర్భ జలమట్టం పెరిగిందని అర్థం. వానే లేని జూలై ఉక్కలో గచ్చు చెమర్చితే అది ఊట కాకపోవచ్చు, గాలిలోని ఆవిరి చల్లటి కాంక్రీటును తాకి నీరు కావచ్చు. ఏ కాలంలోనైనా ఒకే చోట తడి ఉంటే నీటి గొట్టం కారుతోందేమో చూడాలి.

ఊటనూ చెమటనూ విడదీయడానికి చవకైన పరీక్ష ఉంది. అర మీటరు చదరంగా ప్లాస్టిక్ కాగితం కోసి, అంచులన్నీ టేపుతో గచ్చుకు గాలి చొరకుండా అంటించి, కనీసం 16 గంటలు వదిలేయాలి. కాగితం కింద తడి ఉంటే నీరు నేలలోంచి వస్తోంది, పైన ఉంటే గాలిలోంచి. రెండో దానికి కాలువ పనికిరాదు, గాలిలో తేమ లాగే యంత్రం చాలు. గోడ అడుగున తెల్లటి ఉప్పు పొడి పూసి ఉంటే నీరు కాంక్రీటులోని లవణాలను మోసుకొచ్చి అక్కడ ఆరుతోందని గుర్తు.

తర్వాత పైకప్పు లెక్క చూడాలి. 100 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే 2,500 లీటర్ల నీరు జారుతుంది. దాన్ని దింపే గొట్టాలు గోడ పక్కనే ముగిస్తే ఆ నీరంతా పైన చెప్పిన గుల్ల మట్టిలోకే పోతుంది. ఆ గొట్టాలను కొన్ని మీటర్ల దూరం పొడిగించడానికి, చూరు కాలువల్లో ఆకులు తీయడానికి, ఇంటి నుంచి మొదటి పది అడుగుల్లో ఆరు అంగుళాలు పల్లం వచ్చేలా మట్టి పోయడానికి అయ్యే ఖర్చు, గచ్చు తవ్వకానికి అయ్యే వేల డాలర్ల ముందు ఏపాటిదీ కాదు. ఈ పనులు చేసి ఒక వానాకాలం చూడకుండా గచ్చు కోయించడం తొందరపాటే. ఉచితంగా చూసిపోతామని వచ్చే వారిలో చాలామంది తమ పద్ధతిని అమ్మడానికి వచ్చినవారు. కాంట్రాక్టు ఆశ లేని స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఫీజు ఇచ్చి చూపించుకోవడం మేలు.

గచ్చు కింద ఏముందో కూడా కోయకముందే తెలియాలి. మురుగు గొట్టం, నీటి గొట్టం, కరెంటు పైపు, కొన్ని ఇళ్లలో గచ్చును వేడిచేసే నీటి గొట్టాలు ఉంటాయి. బిగించిన ఉక్కు తీగలతో పోసిన గచ్చయితే ఒక్క తీగ తెగినా అది ప్రాణాలు తీసేంత బలంతో విదిలిస్తుంది. అలాంటి చోట్ల రాడార్ యంత్రంతో నేలను చూసి గుర్తులు పెట్టకుండా బ్లేడు ఆనించకూడదు. 1980కి ముందు కట్టిన ఇళ్లలో తొమ్మిది అంగుళాల చదరపు వినైల్ పలకలు, వాటి కింది నల్లటి జిగురు కనిపిస్తే వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. పరీక్ష చేయించి, అర్హత ఉన్న వారితో తీయించాకే కోత మొదలుపెట్టాలి.

కోత, తవ్వకం

ఫుటింగ్ గోడ కన్నా 10 నుంచి 15 సెంటీమీటర్లు లోపలికి పొడుచుకొని ఉంటుంది. దాని అంచు దాటాక గొట్టం పట్టేంత జాగా కావాలి. అందుకే గోడ నుంచి 30 నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో సుద్దదారంతో గీత కొడతారు. 14 అంగుళాల డైమండ్ బ్లేడు సుమారు 12 సెంటీమీటర్లు దిగుతుంది, పది సెంటీమీటర్ల గచ్చును ఒకే వరుసలో తెంపగలదు. చేయి తిరిగిన పనివాళ్లు కొందరు అలా తెంపరు. పైన నాలుగైదు సెంటీమీటర్లు మాత్రం కోసి మిగతాది బ్రేకర్‌తో పగలగొడతారు. పై అంచు తిన్నగా వస్తుంది, కింది అంచు రాళ్లు తేలి గరుకుగా ఉంటుంది కాబట్టి కొత్త కాంక్రీటుకు పట్టు దొరుకుతుంది. అసలు కోతే లేకుండా బ్రేకర్‌తో మొదలుపెడితే బీటలు గది మధ్యకు పాకుతాయి. గచ్చులో కడ్డీల జాలీ ఉంటే దాన్ని గ్రైండర్‌తో తెంపాలి.

గోడకు అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. బయటి మట్టి, నీరు గోడను లోపలికి నెడుతుంటాయి. మీటరున్నర ఎత్తు నీరు నిలిస్తే గోడ పాదం దగ్గర ఒత్తిడి చదరపు మీటరుకు టన్నున్నర. ఆ పాదం లోపలికి జారకుండా అడ్డుగా నిలిచేది గచ్చు అంచే. నాలుగు వైపులా ఒకేసారి కోసి పారేస్తే, కొత్త కాంక్రీటు గట్టిపడేదాకా గోడకు ఆ ఆసరా ఉండదు. సిమెంటు బ్లాకులతో కట్టిన గోడల్లో మొదటి వరుసను ఫుటింగ్‌తో కలిపి పట్టి ఉంచేది పలచటి మాలు పొర మాత్రమే కనుక అవి ఇంకా బలహీనం. కాబట్టి రెండు మూడు మీటర్ల ముక్కల్లో తవ్వి, మధ్యలో గచ్చును వదిలి, పూడ్చిన ముక్క గట్టిపడ్డాక పక్క ముక్క మొదలుపెట్టడం సురక్షితం. గోడ అప్పటికే లోపలికి ఉబ్బి ఉన్నా, అడ్డంగా బీట వారి ఉన్నా, ముందు దాన్ని నిలబెట్టే పని చేయాలి. ఒక్క రోజులో ఇల్లంతా కోసేస్తామని చెప్పే వారిని ఈ సంగతి అడగాలి.

తవ్వకం లోతుకు ఒకే హద్దు ఉంది. కాలువ అడుగు ఫుటింగ్ అడుగు కన్నా కిందికి పోకూడదు. పోతే ఫుటింగ్ కింది మట్టి పక్కకు జారి గోడ కుంగుతుంది. ఇసుక నేలలో ఇది చూస్తుండగానే జరగవచ్చు.

ఈ హద్దు వల్ల వాటం తేవడం కష్టమవుతుంది. గొట్టానికి మీటరుకు ఒక సెంటీమీటరు పల్లం ఇవ్వడం మంచిదని అంటారు. 9 మీటర్లు, 12 మీటర్ల కొలతలున్న బేస్‌మెంటు చుట్టుకొలత 42 మీటర్లు. గుంట ఒక మూలన ఉంటే రెండు వైపుల నుంచీ 21 మీటర్లు చొప్పున గొట్టం పారాలి, అంటే చివరికి 21 సెంటీమీటర్ల తేడా. ఫుటింగ్ మందమే 20 నుంచి 30 సెంటీమీటర్లు ఉన్న ఇంట్లో అంత లోతు దొరకడం కష్టం. అలాంటప్పుడు రెండు గుంటలు పెడతారు, లేదా తక్కువ వాటంతో సరిపెడతారు. గొట్టం దాదాపు సమతలంగా ఉన్నా నీరు గుంట వైపే పారుతుంది, ఎందుకంటే మోటారు అక్కడ మట్టాన్ని తగ్గిస్తూ ఉంటుంది. మధ్యలో గొట్టం వంగి లోతు పడకుండా చూడటం ముఖ్యం. అలాంటి చోట ఒండ్రు పేరుకుంటుంది. ప్రతి రెండు మీటర్లకూ రసమట్టం పెట్టి చూసుకునే మేస్త్రీ ఆ పొరపాటు చేయడు.

బయటపడే చెత్త బరువును చాలామంది ముందుగా ఊహించరు. పై కొలతల ఇంట్లో 40 సెంటీమీటర్ల పట్టీ తీస్తే కాంక్రీటే నాలుగు టన్నులు, కింది మట్టి మరో ఐదారు టన్నులు. అదంతా బకెట్లలో మెట్ల మీదుగా పైకి పోవాలి, దానికి బదులు వచ్చే కంకర, కాంక్రీటు అదే దారిన దిగాలి. ఇంట్లో వాళ్లే సొంతంగా చేసుకోవాలని మొదలుపెట్టి మధ్యలో ఆపేయడానికి ఎక్కువగా కారణం ఈ మోత.

కాలువ తయారయ్యాక మట్టి వైపున వడపోత బట్ట పరిచి, కడిగిన ముప్పావు అంగుళం కంకర రెండు అంగుళాలు పోసి, నాలుగు అంగుళాల చిల్లుల గొట్టం వేస్తారు. చిల్లులు కిందికి ఉండాలి. నీరు కంకరలో అడుగు నుంచి నిండుతూ పైకి వస్తుంది. చిల్లులు పైకి పెడితే గొట్టం ఎత్తు దాకా నీరు నిలిచాకే లోపలికి దిగుతుంది. క్రషర్ డస్టు కలిసిన కంకర వాడితే ఆ పొడే గొట్టాన్ని పూడుస్తుంది. గొట్టానికి నేరుగా బట్ట తొడుగు వేయాలా వద్దా అన్నదానిపై పనివారిలో భేదాలున్నాయి. సన్నటి ఒండ్రు, ఇనుము ఎక్కువున్న నేలల్లో ఆ తొడుగు జిగట పట్టి మూసుకుపోతుంది కాబట్టి బట్టను మట్టికి ఆనించి కాలువ గోడలకు వేయడమే నాకు సబబుగా తోస్తుంది. మూలల్లో మూత ఉన్న నిలువు గొట్టాలు వదిలితే ముందు ముందు నీళ్లు కొట్టి కడగవచ్చు.

బ్లాకు గోడలకు అదనంగా ఒక పని ఉంది. బ్లాకుల లోపలి బోలు గదుల్లో నీరు నిలిచి ఉంటుంది. అడుగు వరుసలో ప్రతి గదికీ ఒక చిల్లు వేస్తే, నెలల తరబడి నిలిచిన నీరు మొదటి రోజునే కాలువలోకి దూకుతుంది. గోడ అడుగు నుంచి కాలువ దాకా బొడిపెలున్న ప్లాస్టిక్ షీటు నిలబెట్టి, దాని వెనక నీరు జారే సందు వదిలి, కంకర మీద ప్లాస్టిక్ పరిచి, ఆపైన పాత మందంతో కాంక్రీటు పోస్తారు.

దుమ్ము, పొగ

కాంక్రీటులోని ఇసుక, రాయి కోసినప్పుడు లేచే సన్నటి సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. నయమయ్యే జబ్బు కాదు. 1930 ప్రాంతంలో వెస్ట్ వర్జీనియాలోని హాక్స్ నెస్ట్ సొరంగం తవ్వకంలో వందలాది కూలీలు ఈ ధూళికి బలయ్యారు. వారిలో ఎక్కువమంది పని వెతుక్కుంటూ అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి వచ్చిన నల్లజాతి వారు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 2016లో పరిమితిని బిగించి, ఎనిమిది గంటల పనిలో పీల్చే గాలి సగటున ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాముల సిలికా దాటకూడదని పెట్టింది. నిర్మాణ రంగంలో అది 2017 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. బ్లేడు మీద నీరు ధారగా పడుతుండగా కోయడం, దుమ్ము లాగే యంత్రం తగిలించడం, ముఖానికి అతికే రెస్పిరేటర్ పెట్టుకోవడం తప్పనిసరి. జేబురుమాలు కట్టుకోవడం రక్షణ కాదు. తడి కోతలో వచ్చే బురద ఘాటైన క్షారం, చర్మం కాలుతుంది. నీరు, కరెంటు ఒకే చోట ఉంటాయి కాబట్టి లీకేజీ పట్టి వెంటనే కరెంటు ఆపే స్విచ్ ఉన్న ప్లగ్గులోనే యంత్రం పెట్టాలి.

పెట్రోలు ఇంజన్ రంపాన్ని బేస్‌మెంటులోకి దించనే కూడదు. కిటికీలు తెరిచి, ఫ్యాను పెట్టినా కార్బన్ మోనాక్సైడ్ నిమిషాల్లో మనిషిని పడగొట్టగలదని అమెరికా ప్రభుత్వ సంస్థలు 1996లోనే ఉమ్మడిగా హెచ్చరించాయి. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు.

గుంట, మోటారు

గుంట కనీసం 18 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల లోతు ఉండాలని అమెరికాలో చాలా చోట్ల నిబంధన. మరీ చిన్నదైతే మోటారు మాటిమాటికీ ఆగి మొదలై త్వరగా కాలిపోతుంది. తేలే బెండు స్విచ్ నీటి మట్టాన్ని బట్టి దాన్ని నడిపిస్తుంది. తోడిన నీరు తిరిగి గుంటలోకి జారకుండా వెళ్లే గొట్టంలో ఒకవైపు మాత్రమే తెరుచుకునే వాల్వు ఉండాలి. బయట ఆ నీరు గోడకు దూరంగా పడాలి, లేకపోతే అదే నీరు మళ్లీ కాలువలోకి చేరి మోటారు రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది. శీతాకాలంలో బయటి గొట్టంలో నీరు నిలిచి గడ్డకడితే మొత్తం వ్యవస్థ ఆగిపోతుంది, కాబట్టి అది ఖాళీ అయ్యేలా వాటం ఇవ్వాలి. చాలా ఊళ్లలో ఈ గొట్టాన్ని మురుగు కాలువకు కలపడం నిషిద్ధం. అందరి ఊటనీరూ ఒకేసారి అందులోకి వస్తే మురుగు ఇళ్లలోకి ఎగదన్నుతుంది.

పెద్ద గాలివాన వచ్చిన రాత్రే కరెంటు పోతుంది. ఎక్కువగా పని పడేదీ ఆ రాత్రే. బ్యాటరీ మీద నడిచే రెండో మోటారు లేని కాలువను సగం పని కిందే లెక్కించాలి. మూడు నాలుగు నెలలకోసారి బకెట్ నీళ్లు గుంటలో పోసి మోటారు లేస్తుందో లేదో చూసుకోవాలి. కొన్ని నేలల్లో ఇనుమును తినే బాక్టీరియా వల్ల నారింజ రంగు జిగట పుట్టి గొట్టాలను మూసేస్తుంది, అక్కడ ఏటా కడగాల్సిందే.

గుంట మూత మీద శ్రద్ధ పెట్టే వాళ్లు తక్కువ. నేలలోని యురేనియం క్షీణించే క్రమంలో పుట్టే రేడాన్ వాయువు తెరిచిన గుంట ద్వారా, కంకర ద్వారా ఇంట్లోకి సులభంగా వస్తుంది. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత రెండో కారణం ఇదే. 1984లో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక ఇంజనీరు శరీరం మీద రేడియోధార్మికత ఉందని అలారం మోగింది. వెతికితే అది కేంద్రంలోది కాదు, అతని ఇంట్లోని రేడాన్ వల్ల వచ్చినది. గాలి చొరని మూత బిగించి, కాలువ గొట్టాన్ని కప్పు పైదాకా వెళ్లే గొట్టంలోని ఫ్యానుకు కలిపితే అదే కాలువ రేడాన్‌ను కూడా లాగేస్తుంది. లీటరు గాలికి 4 పికోక్యూరీలు చేరితే సరిదిద్దుకోవాలని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ సలహా. కాలువ వేశాక మరోసారి పరీక్ష చేయించాలి.

పనికిరాని సందర్భాలు, వేరే దారులు

కాంక్రీటు పోసి కట్టిన గోడలో ఒకే నిలువు బీట నుంచి నీరు వస్తుంటే పాలీయూరిథేన్ రసాయనం ఎక్కించి మూయడం చాలు. గచ్చు కోయకుండా గోడ అడుగున ప్లాస్టిక్ పట్టీని అతికించి నీటిని గుంటకు నడిపే పద్ధతీ ఉంది, కానీ అది నీరు గచ్చు పైకి వచ్చాకే పట్టుకుంటుంది, కింది ఒత్తిడి అలాగే ఉంటుంది. బయట తవ్వి గోడకు నీరు చొరని పొర వేయడం అన్నిటికన్నా సంపూర్ణం, అన్నిటికన్నా ఖరీదు. బ్రిటన్‌లో 2022లో సవరించిన బీఎస్ 8102 ప్రమాణం నీటిని ఆపే పొర, నీరు చొరని కాంక్రీటు, లోపలికి వచ్చిన నీటిని కాలువతో తీసేయడం అని మూడు పద్ధతులను వేరు చేస్తుంది. ఈ వ్యాసంలోని కాలువ మూడో దానికి దగ్గర.

వరద ముందు ఈ కాలువ ఏమీ చేయలేదు. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఇడా తుపాను అవశేషాలు న్యూయార్క్ సెంట్రల్ పార్క్ మీద ఒక్క గంటలో 80 మిల్లీమీటర్ల వాన కురిపించాయి. ఆ నగరంలో కనీసం 11 మంది బేస్‌మెంటు ఇళ్లలో మునిగి చనిపోయారు. నీరు మెట్ల మీంచి, కిటికీల్లోంచి దూకింది. అలాంటి చోట కావలసింది మనిషి బయటపడే రెండో దారి, ముందస్తు హెచ్చరిక. మామూలు ఇంటి బీమా ఊటనీటి నష్టానికి డబ్బు ఇవ్వదన్న సంగతి కూడా ఇల్లు కొనేవారికి తెలిసి ఉండాలి.

హైదరాబాదు సెల్లార్ల సంగతి

తెలుగు రాష్ట్రాల్లో సొంత ఇళ్లకు బేస్‌మెంటు అరుదు, అపార్టుమెంట్లకు పార్కింగ్ సెల్లార్లు మామూలు. హైదరాబాదులో గ్రానైటు రాతిని తొలిచి దింపిన సెల్లార్లలో రాతి పగుళ్ల వెంట వానాకాలమంతా ఊట దిగుతుంది. గోడల వారన జాలీ మూతల కాలువ, చివర సంపు, మోటారు అక్కడ సాధారణంగా చూసేవే. 2020 అక్టోబరు వానలకు నగరంలో ఎన్నో సెల్లార్లు నిండిపోయి లిఫ్టులు, జనరేటర్లు మునిగాయి, కానీ అది వీధి వరద, ఊట కాదు.

అమెరికా పద్ధతి చూసి సెల్లార్ గచ్చు కోయాలనుకునే అసోసియేషన్లు ఒక తేడా గమనించాలి. అక్కడి గచ్చు ఇంటి బరువు మోయదు, పునాదుల మధ్య పోసిన పలచటి పొర మాత్రమే. ఇక్కడ కొన్ని భవనాల అడుగున ఉండేది ర్యాఫ్ట్, అంటే స్తంభాల బరువంతా మోసి నేలకు పంచే మందపాటి స్లాబు. దాని పైవరుస కడ్డీలు తెగితే భవనం బలమే తగ్గుతుంది, తెగిన కడ్డీల్లోకి నీరు చేరి తుప్పు పాకుతుంది. స్ట్రక్చరల్ డ్రాయింగులు చూసిన ఇంజనీరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బ్రేకర్ పట్టకూడదు. ర్యాఫ్టును ముట్టకుండా దాని మీద 10 నుంచి 15 సెంటీమీటర్ల మందంతో కొత్త గచ్చు వాటంగా పోసి, ఆ మందంలోనే గోడ వారన కాలువ వదలడం ఎక్కువ చోట్ల కుదురుతుంది. ఆ మేరకు సెల్లార్ ఎత్తు తగ్గుతుంది కాబట్టి ర్యాంపు అడుగున, పైన వేలాడే పైపుల కింద ఎత్తైన వాహనాలకు జాగా సరిపోతుందో లేదో ముందే కొలుచుకోవాలి.